కత్తి పట్టే డాక్టరు సరే... మత్తిచ్చే డాక్టరెవరు?

మన సినిమాల్లో ఒక సీనుంది. ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టదు! కథానాయిక ఒంటరిగా నడిచి వస్తూంటుంది. స్తంభం చాటునుంచి ఓ రౌడీ ఊడిపడతాడు. చేతిరుమాలు ఆమె ముక్కుకి అదుముతాడు. అంతే! మనం మూడు లెక్కపెట్టేలోగా ఆమె ఒరిగిపోతుంది. ఆఖర్న హీరో వచ్చి మొహాన నాలుగు నీటి చుక్కలు చల్లగానే "నేనెక్కడున్నాను?" అంటూ లేచి కూర్చుంటుంది. బొట్టు చెదరదు, జడ వదులవదు!

ఆ రుమాల్లో ఉన్నది క్లోరోఫాం అని చిన్నపిల్లాణ్ణడిగినా చెబుతాడు. కానీ అసలు క్లోరోఫాం అంత తొందరగా పనిచెయ్యదు. నిమిషాల తరబడి పీలిస్తే గాని మనిషి స్పృహ తప్పదు. తప్పిన తర్వాత నాలుక వెనక్కి జారి ఊపిరి ఆడకుండా చెయ్యకుండా గడ్డం ఎత్తిపట్టి ఒకరు కూర్చోవాలి. ఆ ఒక్కరు లేకపోతే నీళ్లు చల్లడానికి హీరో వచ్చినా లాభం ఉండదు!

ఈ సినిమా మత్తు మన బుర్రల్లో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, నిజం ఆపరేషను బల్లమీద కూడా అంతేననుకుంటాం. 2014 సంక్రాంతికి వచ్చిన 'ఎవడు' చూశారుగా? కట్లు విప్పేసరికి అల్లు అర్జున్ కాస్తా రామ్‌చరణ్ అయిపోయాడు! ఆపరేషను చేసిన డాక్టరుగా జయసుధ మనకి గుర్తుంది. మరి ఆ మొహాన్ని అన్ని గంటలు మత్తులో ఉంచిన డాక్టరెవరు? హాల్లో కూర్చున్న ఒక్కరైనా అడిగారా?

అడగరు. అందం కోసం ఆపరేషను చేయించుకునేవాళ్లు కూడా అడగడం లేదు. అసలు గొడవంతా అక్కడే ఉంది!

మెట్టనుంచి ఇస్తాంబుల్‌కి!

తారల సంగతి మనకెందుకు అంటారా? ఆగండి. సోకు ఆపరేషన్లు మద్రాసు, బొంబాయి తారల ఇళ్లు దాటి చాలాకాలమైంది. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఏ ఊరికి వెళ్లినా కువైట్లోనో, దుబాయిలోనో, అమెరికాలోనో మనిషి ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. సంపాదన చేతికొచ్చాక సెల్‌ఫోన్లో ప్రకటన కనిపిస్తుంది. 'బట్టతలకి సెలవు! రానుపోను టిక్కెట్టు, హోటలు, ఆపరేషను, అన్నీ ఒకే ప్యాకేజీ!' ఇస్తాంబుల్ జుట్టు నాట్లకి పేరుమోసింది. సియోల్ మొహం చెక్కడానికి, బ్యాంకాక్ అన్నిటికీ. మన నాట్లు జూన్లోనో, అక్టోబర్లోనో పడతాయి, వాళ్ల నాట్లు ఏడాది పొడుగునా!

ఆత్మకూరు బస్టాండులో ఇలాంటి ముచ్చట మీ చెవిన పడిందనుకోండి...

"ఏందిరా అబ్బోడా, నెత్తిన ఆ టోపీ?"

"జుట్టు నాటిచ్చుకున్నా అత్తా! టర్కీలో!"

"నొప్పి లేదంట్రా?"

"మత్తిచ్చార్లే అత్తా."

"ఎవురిచ్చారు?"

"ఎవురో... తెల్లకోటు ఏసుకోనుండాడు!"

అత్త అడిగిన ఆఖరి ప్రశ్నకి జవాబు లేదు చూశారూ! కృష్ణదేవరాయలంతటివాడు ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో ఉదయగిరి కోట పట్టాడు. మన అబ్బోడు ప్రాణం ఎవరి చేతిలో పెట్టాలో పది నిమిషాల్లో సెల్‌ఫోన్లో తేల్చేశాడు!

గోరు తీయించుకోబోయి...

"చిన్న ఆపరేషనే కదా, చిన్న మత్తే కదా" అనేది ఇంకో భ్రమ. క్లోరోఫాం చరిత్రలో మొదట నమోదైన మరణం ఏ గుండె ఆపరేషనులోనో జరగలేదు. 1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి క్లోరోఫాంతో పోయింది. గోరు చిన్నదే! మత్తు మాత్రం చిన్నది కాదు.

అది ఎందుకు జరిగిందన్న తగువు డాక్టర్ల మధ్య దశాబ్దాలు నడిచింది. ఆ తగువు తీర్చడానికి ప్రపంచం చూసింది ఎటువైపో తెలుసా? మన హైదరాబాదు వైపు! రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక కమిషను నడిపాడు. లండన్ వాళ్లు నమ్మలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి 'లాన్సెట్' పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్ని రప్పించాడు. 1889లో రెండో క్లోరోఫాం కమిషను కూర్చుంది. కుక్కల మీద, కోతుల మీద వందలాది పరీక్షలు చేశారు. ముందు ఆగేది ఊపిరే, కాబట్టి ఊపిరి మీద కన్నేస్తే చాలు, గుండెకి భయం లేదన్నారు. ఆ రెండో మాట తప్పని తర్వాత 1911 ప్రాంతంలో తేలింది. క్లోరోఫాం గుండెను కూడా ఆపగలదు. మొదటి మాట మాత్రం ఈనాటికీ చెక్కు చెదరలేదు. మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీద కన్నేసి ఉంచాలి!

ఆ రోజుల్లోనే హైదరాబాదులో వైద్యం చదివి, క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరిన పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరుగా ఆమెను చెప్పుకుంటారు. కమిషను పరీక్షల్లో ఆమె చెయ్యి కూడా ఉంది. మన గడ్డమీద ఇంత చరిత్ర పెట్టుకుని, మత్తు డాక్టరు పేరు అడగడానికి మనకి మొహమాటమా!

వెండితెర చెప్పిన విషాదాలు

2001లో 'నువ్వు నాకు నచ్చావ్' చూసి ముచ్చటపడని తెలుగువాడు లేడు. న్యూజెర్సీలో పుట్టిపెరిగిన ఆర్తి అగర్వాల్ ఆ ఒక్క సినిమాతో మన ఇంటిపిల్ల అయిపోయింది. 2002లో 'ఇంద్ర'లో చిరంజీవి సరసన, 2003లో 'వసంతం'లో వెంకటేష్ సరసన... ఆ జోరే వేరు! 2015 జూన్ 6న అదే న్యూజెర్సీ రాష్ట్రంలో, 31 ఏళ్లకే ఆమె కన్నుమూసింది. కొన్ని వారాల ముందు కొవ్వు తీసే ఆపరేషను, అంటే లైపోసక్షను చేయించుకుందనీ, తర్వాత ఊపిరి తీసుకోవడం కష్టమైందనీ ఆమె మేనేజరు చెప్పినట్టు పత్రికలు రాశాయి. ఆ చావుకి కారణం ఇదేనని తీర్పు చెప్పడం మన పని కాదు. అయితే ఒళ్లు కాస్త వచ్చిందని ఒక నటిని రాసి రాసి, నవ్వి నవ్వి ఆ బల్ల దాకా నడిపించిన వాళ్లలో సినిమా పత్రికలూ ఉన్నాయి, మనబోటి ప్రేక్షకులూ ఉన్నారు. ఆ మాట ఒప్పుకోక తప్పదు!

హాలీవుడ్ వైపు చూస్తే ఇంకా ఉన్నాయి. పాటల రారాజు మైకేల్ జాక్సన్ 2009 జూన్ 25న పోయింది ప్రొపోఫాల్ అనే మత్తుమందు వల్ల. పాలలా తెల్లగా ఉండే ఈ మందు ఆపరేషను థియేటర్లలో రోజూ వాడేదే. ఆ రోజు ఇచ్చింది ఆస్పత్రిలో కాదు, పడగ్గదిలో. ఇచ్చింది మత్తు డాక్టరు కాదు, గుండె డాక్టరు. ఊపిరిని కనిపెట్టే సరైన యంత్రాలు లేవు. 2011లో కోర్టు ఆ డాక్టర్ని దోషి అంది. తన అందాల ఆపరేషన్ల మీద తనే జోకులేసుకునే హాస్యనటి జోన్ రివర్స్ 2014లో న్యూయార్కు క్లినిక్కులో గొంతు పరీక్షకి వెళ్లింది. అదే ప్రొపోఫాల్ మత్తులో ప్రాణవాయువు అందక, మళ్లీ లేవలేదు. రెండు చోట్లా మందు ఒకటే! మన దగ్గర రోజూ వేలమంది ఆ మందుతోనే హాయిగా నిద్రపోయి హాయిగా లేస్తున్నారు. తేడా పక్కన కూర్చుని కనిపెట్టే మనిషిలో ఉంది.

గాయకుడు కాన్యే వెస్ట్ తల్లి డోండా వెస్ట్ 2007 నవంబరులో కాలిఫోర్నియాలో అందానికి ఆపరేషన్లు చేయించుకుని, ఇంటికెళ్లిన మర్నాడే పోయింది. ఆమెకి గుండె రక్తనాళాల జబ్బు ఉందని తర్వాత తేలింది. ఆ దెబ్బతో 2009లో ఆమె పేరు మీదే ఒక చట్టం తెచ్చారు. అందానికి ఆపరేషను చేసేముందు ఒంటి పరీక్ష చేయించి, 'ఈ మనిషి తట్టుకోగలడు' అని కాగితం మీద రాయించాల్సిందే!

మన దగ్గరా తక్కువేం కాదు. 2016లో చెన్నైలో డాక్టరు చదువు చివర్లో ఉన్న కుర్రాడు జుట్టు నాటించుకోబోయి పోయాడు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాదులో పెళ్లి కుదిరిన 28 ఏళ్ల యువకుడు నవ్వు అందంగా ఉండాలని పళ్ల క్లినిక్కుకి వెళ్లి శవమై వచ్చాడు. మత్తు ఎక్కువైందని తండ్రి ఆరోపించాడు, పోలీసులు కేసు పెట్టారు.

మత్తులో రకాలు

కంగారుపడకండి! మంచి చేతుల్లో మత్తు ఈనాడు చాలా భద్రమైన పని. కానీ ఏ మత్తు దేనికో తెలిసి ఉండాలి.

మొదటిది తిమ్మిరి ఇంజక్షను. జుట్టు నాట్లకి, చిన్నచిన్న కొవ్వు తీతలకి ఇదే. మనిషి మెలకువగానే ఉంటాడు. లిడోకెయిన్ అనే మందు ఎక్కువగా వాడతారు. దీనికి బరువుని బట్టి లెక్కుంది. అడ్రినలిన్ కలిపి ఇస్తే కిలోకి 7 మిల్లీగ్రాముల దాకా. అంటే 60 కిలోల మనిషికి 420. కొవ్వు తీసేటప్పుడు దీన్నే సెలైన్లో బాగా పలచన చేసి ఒంట్లోకి నింపుతారు. 1980ల్లో అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ కనిపెట్టిన పద్ధతి ఇది. అందులో కిలోకి 35 నుంచి 55 దాకా ఇవ్వవచ్చంటారు. మందు కొవ్వులోంచి నెమ్మదిగా రక్తంలోకి ఎక్కుతుంది కాబట్టి తట్టుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది! రక్తంలో మందు పూర్తి మోతాదుకి చేరేది ఆపరేషనయిన సుమారు 12 గంటలకి. అప్పటికి మీరు హోటలు గదిలో ఒక్కరే పడుకుని ఉంటారు. నోటిచుట్టూ తిమ్మిరి, నాలుకమీద లోహపు రుచి, చెవుల్లో హోరు, మాట తడబాటు... ఇవి నిద్రమత్తు గుర్తులు కావు, మందు ఎక్కువైన గుర్తులు. వెంటనే ఆస్పత్రికి పోవాలి. దీనికి విరుగుడుగా నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం ఉంది. చేసినచోట అది ఉందా అన్నది ముందే అడగాలి.

రెండోది మగత. నరంలోకి మందిచ్చి జోకొడతారు. 'ఇది పూర్తి మత్తు కాదండీ' అని తేలిగ్గా చెబుతారు. నిజానికి మగతకీ పూర్తి మత్తుకీ మధ్య గోడ లేదు. నాలుగు చుక్కలు ఎక్కువైతే ఆ గడప దాటేస్తారు, ఊపిరి మందగిస్తుంది. అందుకే మగత ఇచ్చేచోట కూడా పూర్తి మత్తుకి ఉండే సరంజామా అంతా ఉండాలి.

మూడోది వెన్నుకిచ్చే సూది. కాన్పు ఆపరేషన్లలో మన ఆడవాళ్లకి తెలిసిందే. పొట్ట, తొడల పనికి వాడతారు. బాగా శుభ్రంగా చెయ్యాల్సిన పని ఇది.

నాలుగోది పూర్తి మత్తు. గొంతులోకి గొట్టం వేసి ఊపిరిని యంత్రానికి అప్పగిస్తారు. వినడానికి భయంగా ఉన్నా, సరైన డాక్టరు చేతిలో ఊపిరిదారి భద్రంగా ఉండేది ఇందులోనే. బహు అరుదుగా, పుట్టుకతో వచ్చే ఒక గుణం వల్ల కొందరికి ఈ మత్తులో ఒళ్లు కాలిపోయేంత జ్వరం, కండరాల బిగుతు వస్తాయి. 2008లో ఫ్లోరిడాలో రొమ్ము ఆపరేషనుకెళ్లిన 18 ఏళ్ల అమ్మాయి అలాగే పోయింది. దానికి డాంట్రోలీన్ అనే విరుగుడు మందుంది. మీ ఇంట్లో ఎవరైనా మత్తులో పోయి ఉంటే, ప్రాణం మీదికి వచ్చి ఉంటే, ఆ సంగతి డాక్టరుకి మొట్టమొదట చెప్పండి.

సరిహద్దు దాటితే...

విదేశాల్లో మంచి ఆస్పత్రులు లేవని కాదు. మనకంటే మంచివీ ఉన్నాయి. కాని ఏం జరగవచ్చో చూడండి. 2023 జనవరి నుంచి మే దాకా అమెరికానుంచి చాలామంది సరిహద్దు దాటి మెక్సికోలోని మాటమోరోస్ పట్నం వెళ్లారు. అక్కడ ధర తక్కువ! కొవ్వు తీయించుకున్నారు, వెన్నుకి సూది వేయించుకున్నారు. ఇళ్లకొచ్చాక తలనొప్పి, జ్వరం. ఆ సూది దారిన బూజు మెదడు పొరల్లోకి పోయిందని తేలింది. పదిమందికి పైగా చనిపోయారు. కత్తి పెట్టినచోట ఏ లోపమూ లేదు, మత్తు దారిలోనే మృత్యువు వచ్చింది!

దక్షిణ కొరియాలో ఇంకో వింత. పెద్ద డాక్టరు వచ్చి నవ్వుతూ పలకరిస్తాడు. మీరు మత్తులోకి జారుకోగానే ఆయన మాయం! ఇంకెవరో వచ్చి కోస్తారు. దీన్ని అక్కడివాళ్లు 'దెయ్యం సర్జరీ' అన్నారు. డూపు పెట్టి ఫైట్లు తీసినట్టన్నమాట! ప్రాణాలు పోయాక జనం గగ్గోలు పెడితే 2021లో చట్టం చేశారు. 2023 సెప్టెంబరు నుంచి, మనిషి స్పృహలో లేకుండా చేసే ఆపరేషను గదుల్లో కెమెరా ఉండాలి. రోగి అడిగితే రికార్డు చెయ్యాలి. అడిగితేనే సుమండీ!

ఇక తిరుగు విమానం. ఆపరేషను తర్వాత కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. గంటల తరబడి కదలకుండా విమానంలో కూర్చుంటే అది పెరుగుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకి చేరితే క్షణాల్లో ప్రాణం మీదికొస్తుంది. కొవ్వు తీత, రొమ్ము ఆపరేషను అయితే 5 నుంచి 7 రోజులు, మొహానికి, పొట్టకి అయితే 7 నుంచి 10 రోజులు ఆగి విమానమెక్కమని బ్రిటన్ ప్రభుత్వ వైద్యశాఖ చెబుతుంది. ప్యాకేజీలో నాలుగు రాత్రులే ఉంటే అది మీ ప్రాణానికి కట్టిన ప్యాకేజీ కాదు.

చెన్నైనుంచో హైదరాబాదునుంచో దిగి, కారులో ఉదయగిరి చేరాక అర్ధరాత్రి ఆయాసం వస్తే? పెద్దాసుపత్రి నెల్లూరులో ఉంది, వంద కిలోమీటర్లు అటూ ఇటూ. ఆత్మకూరునుంచైనా అరవై దాకా. అక్కడి డాక్టరుకి మీకు ఏ మత్తిచ్చారో, ఏ మందు ఎంత ఎక్కించారో తెలియదు. చేతిలో ఉన్న కాగితం టర్కీ భాషలో ఉంటుంది! అందుకే మత్తు రికార్డు ఇంగ్లీషులో రాయించుకుని పర్సులో పెట్టుకోండి.

దాచకూడని ముచ్చట్లు

మన వాళ్లకి డాక్టరు దగ్గర అబద్ధమాడటం ఒక అలవాటు. "సిగరెట్టా? ఎప్పుడో మానేశానండీ!" "పొద్దున్నుంచి ఏం తినలేదండీ!" మత్తు డాక్టరు దగ్గర మాత్రం ఈ వేషాలు పనికిరావు. మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణగండం. తేలికపాటి తిండికి 6 గంటలు, చేపల పులుసు, బిర్యానీ లాంటివాటికి 8 గంటలు, మంచినీళ్లకి 2 గంటలు ఎడం ఉండాలి. ఇప్పుడు తారలంతా వేసుకుంటున్నారని చెప్పుకునే ఒళ్లు తగ్గే ఇంజక్షన్లున్నాయే, అవి కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి. పస్తున్నా లోపల తిండి మిగిలి ఉండవచ్చు. ఎప్పుడు ఆపాలో డాక్టర్ని వారాల ముందే అడగండి. బీపీ, షుగరు, ఉబ్బసం, గురక, నాటుమందులు, రక్తం పలచనచేసే మాత్రలు, సారా... అన్నీ చెప్పండి. మీ పరువు ఆ గది దాటి బయటికి పోదు.

అమ్మాయిలకి ఒక మాట. గోళ్ల రంగు, పెదవుల రంగు తీసేయమంటే విసుక్కోకండి. వేలికి తగిలించే క్లిప్పు రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో గోటిమీదుగానే చూస్తుంది. పెదవులు నీలంగా మారడం డాక్టరు కంటికి కనిపించాలి!

డబ్బు కట్టేముందు అడగండి

1. నాకు మత్తిచ్చే డాక్టరు పేరేమిటి? మత్తువైద్యంలో పట్టా ఉందా? ఆపరేషను చేసే డాక్టరే మత్తు కూడా ఇస్తానంటే లేచి వచ్చెయ్యండి.

2. ఆపరేషను అయ్యేదాకా ఆ డాక్టరు నా పక్కనే ఉంటారా? ఒకేసారి రెండు గదులు చూస్తారా?

3. ఏ మత్తు? అదే ఎందుకు? ఇంతకంటే తక్కువ మత్తుతో పని జరగదా?

4. ప్రాణవాయువు, బీపీ, గుండె లయ, వదిలే ఊపిరి... ఇవన్నీ చూసే యంత్రాలున్నాయా? విరుగుడు మందులు అందుబాటులో ఉన్నాయా?

5. పరిస్థితి విషమిస్తే ఏ పెద్దాసుపత్రికి తీసుకుపోతారు? ఎంతసేపట్లో?

6. ఆపరేషనుకి ముందు మత్తు డాక్టరుతో మాట్లాడటం కుదురుతుందా? నాకు తెలిసిన భాషలో?

7. మొదటి రాత్రి నా పక్కన ఎవరుంటారు?

ప్రయాణానికి ముందు నెల్లూరులోనే ఒక మత్తు డాక్టర్ని కలిసి రక్తపరీక్ష, ఈసీజీ చేయించుకుంటే ఇంకా మంచిది. ఆయన 'వద్దు' అంటే వద్దు. విమానం టిక్కెట్టు పోతే పోనివ్వండి!

ఈ ప్రశ్నలు అడిగితే ఏ మంచి డాక్టరూ కోపగించుకోడు. కోపగించుకున్నాడంటే, మీకు జవాబు దొరికినట్టే! అందంగా కనబడాలనుకోవడం తప్పు కాదు, ఈ పత్రిక తిరగేసే మనలో ఎవరికి లేదు ఆ ఆశ? ఈసారి మీ ఊరి కుర్రాడో, అమ్మాయో 'ప్యాకేజీ' అంటూ సెల్‌ఫోన్ చూపిస్తే, కోప్పడకండి, ఎగతాళి చెయ్యకండి. ఆత్మకూరు అత్త అడిగిన ప్రశ్నే అడగండి. "ఎవురిచ్చారు?" అని వచ్చాక అడగడం కాదు... "ఎవురిస్తారు?" అని వెళ్లేముందే!